గ్రంథాలయమున ఆటకు చోటు లేదా?

ఇటీవల ఒకనాటి సాయంకాలమున మేమొక గ్రంథాలయమునకు బోయి, ఒక వీడియో ఆట డిస్కును దానికి బహూకరింపబోయితిమి. అది 2009 సంవత్సరమున హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్ అను సంస్థవారు తయారుచేయగా, సోనీ కంపెనీవారు ప్లేస్టేషన్ 2 యంత్రము కొరకు వెలువరించిన "హనుమాన్: బాయ్ వారియర్" అను ఆట. గ్రంథాలయాధికారి మర్యాదస్తుడు. డిస్కును అటునిటు త్రిప్పి చూచి, "మాస్టారూ, ఇది పుస్తకం కాదు గదండీ. ఏ రిజిస్టర్లో ఎక్కించమంటారు?" అని యడిగెను. మేము సమాధానము చెప్పలేకపోతిమి. "పోనీ ఎక్కించినా, ఎవరైనా వచ్చి అడిగితే ఆడించడానికి మన దగ్గర ఆ మిషను లేదు గదండీ" అని ఆయనయే మరల ననెను. దానికిని మాకడ సమాధానము లేకపోయెను. డిస్కును మరల సంచిలో నుంచుకొని ఇంటికి వచ్చితిమి.

ఆయన తప్పేమియు లేదు. ఆయన అడిగిన ప్రశ్నలు రెండును సరియైనవే. తప్పు, ఆ ప్రశ్నలకు సమాధానము సిద్ధపరచని మనది. పాలకులది, పండితులది, మావంటి ఉపాధ్యాయులది. మేమిచట వాదింపదలచినది ఒక్కటే. మన కాలమున మనవారు కల్పించిన వీడియో ఆటలు గ్రంథములవలెనే మన వాఙ్మయసంపదలో చేరినవి. వానిని సేకరించి, ఆడుటకు వీలగు స్థితిలో కాపాడుట గ్రంథాలయముల విధి. ఆ విధిని ఇంకను కొన్నియేండ్లు వాయిదా వేసితిమేని, కాపాడుటకు మిగులునది యేమియు నుండదు.

ముందుగా మా దోషమును మేము ఒప్పుకొందుము. 2012 ప్రాంతమున మేము పనిచేయుచుండిన పాఠశాలలో ఇద్దరు విద్యార్థులుండిరి. ఇరువురును ఉక్కు కర్మాగారపు కార్మికుల బిడ్డలు. వారు పాఠశాల కంప్యూటరుపై ఒక చిన్న ఆటను కల్పించిరి. కిరండూలునుండి మన రేవునకు వచ్చు ఇనుపఖనిజపు గూడ్సుబండి తెరపై కదలుచుండును. ఒక్కొక్క పెట్టెపై ఒక్కొక్క హల్లు. ఆడువాడు దానికి తగిన గుణింతపు గుర్తును తగిలించి పదమును పూర్తిచేసినచో బండి ముందునకు సాగును; తప్పినచో సిగ్నలు ఎర్రబడును. ఆరవ తరగతికి వచ్చియు చదువనేరని పిల్లలు కొందరు, మేము బెత్తముతో నేర్పలేకపోయిన గుణింతములను ఆ బండితో నేర్చుకొనిరి.

మూడేండ్లకు పాఠశాలకు క్రొత్త కంప్యూటర్లు వచ్చినవి. పాతవానిని తుక్కుక్రింద అమ్మివేయుటకై ముగ్గురు ఉపాధ్యాయులతో ఒక సంఘము ఏర్పడెను. ఆ కాగితముపై చేవ్రాలు చేసినవారిలో మేమును ఒకరము. ఆ యంత్రముల లోపల ఏమున్నదో చూడవలెనని మాలో ఒక్కరికిని తోచలేదు. అదే దినమున పాత హాజరుపట్టీలను మాత్రము నియమానుసారముగ కట్టకట్టి బీరువాలో భద్రపరచితిమి. ఆ విద్యార్థులలో ఒకడు నేడు పరదేశమున ఆటలు తయారుచేయు ఉద్యోగమున నున్నాడు. అతడు కొంతకాలము క్రిందట ఫోనుచేసి, "మాస్టారూ, మా బండి ఉందాండీ?" అని యడిగెను. లేదని చెప్పుటకు మాకు నోరాడలేదు.

ఇది ఒక్క పాఠశాల కథయైనచో మేము మనసులోనే నొచ్చుకొని యూరకుందుము. లోకమంతటను ఇదే జరుగుచున్నది. అమెరికాదేశమున వీడియోగేమ్ హిస్టరీ ఫౌండేషనను సంస్థవారు 2023లో ఒక పరిశోధనమును ప్రకటించిరి. 2010కి పూర్వము ఆ దేశమున వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో ఏ రూపమునను దొరకవని అది తేల్చెను. కోట్లకొలది ధనమును, విశాలమైన గ్రంథాలయములును గల దేశపు గతియే అది. మన గతి యెట్లుండునో వేరుగ చెప్పనక్కరలేదు.

"ఆట యేమి, వాఙ్మయమేమి? మీకు మతి చలించినదా?" అని మా మిత్రులైన పండితులు కొందరు నవ్వుచున్నారు. వారికి మా మొదటి సమాధానము ఇది. మన దేశపు చట్టమే కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యకృతిగ నెంచుచున్నది. 1957నాటి కాపీరైటు చట్టమున సాహిత్యకృతి యను పదమునకు ఇచ్చిన నిర్వచనములో అదియు చేరియున్నది. హక్కులను వసూలుచేయునప్పుడు సాహిత్యమైనది, అలమరలో చోటడుగునప్పుడు ఆటవస్తువగుట యెట్లు?

రెండవ సమాధానము ఆ వస్తువులోనే కలదు. ఒక వీడియో ఆటలో కథ యున్నది, చిత్రలేఖనమున్నది, సంగీతమున్నది. అన్నిటికిని మించి, ఆడువాడు ఏమి చేయవచ్చును, ఏమి చేయరాదు, చేసినచో ఏమి యనుభవించును అను నియమముల కూర్పు ఉన్నది. ఆ కూర్పే దాని రచన. మేము పైని చెప్పిన హనుమంతుని ఆటయే చూడుడు. అది వెలువడినప్పుడు, దేవతను ఆటగాని చేతి మీటకు లోబరచుట తగదని అమెరికాలోని హిందువులు కొందరు ఆక్షేపించిరి. రామాయణమును తోలుబొమ్మలలో ఆడించితిమి, హరికథలో చెప్పితిమి, చలనచిత్రములలో చూచితిమి. హనుమంతుడు చూచువాని వ్రేలికి లోబడి దుముకుట మాత్రము క్రొత్త. అది భక్తియా, అపచారమా యను వాదము మన సంస్కృతిచరిత్రలో ఒక ఘట్టము. రేపు ఆ వాదమును విమర్శింపదలచిన విద్యార్థి పత్రికలలో అభ్యంతరమును చదువగలడు. ఆ ఆటను మాత్రము ఎక్కడ చూడగలడు?

అదే 2009లో హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర సంస్థవారు "దేశీ అడ్డా" యను ఆటను తయారుచేసిరి. కబడ్డీ, బిళ్లంగోడు, గాలిపటములు మొదలగు మన వీథి ఆటలను అది తెరపైకి ఎక్కించినది. పులిజూదపు గీతలు దేవాలయమండపముల బండలపై నేటికిని కనబడుచున్నవి. వామనగుంటల పీటలు కొన్ని యిండ్ల అటకలపై నున్నవి. అష్టాచెమ్మా ఆడువారు పల్లెలలో ఇంకను ఉన్నారు. వానిని తెరకు మార్చిన తొలితరము ఆటలు మాత్రము పదునైదేండ్లకే కనుమరుగగుచున్నవి. రాతిపై గీసిన గీత నిలచెను. కోట్లు వెచ్చించి చేసిన ఆట నిలువదు. ఇది మనకు సిగ్గు కలిగింపదగిన విషయము కాదా?

ఇక నీతివాదుల మాట. "ఆటలవలన పిల్లలు చెడుచున్నారు, కుటుంబములు అప్పులపాలగుచున్నవి. చెడుదానిని కాపాడుమనుట ఏమి సంస్కరణము?" అని వారందురు. వారి యావేదనను మేము తేలికగ తీసికొనము. ఉపాధ్యాయులమైన మాకు, రాత్రియెల్ల ఫోనుచూచి ప్రొద్దున తరగతిలో కునుకు తీయు బాలుని ముఖము నిత్యదర్శనమే. ఫోనులోని పేకాటకు జీతములు పోగొట్టుకొన్న గృహస్థుల సంగతియు మేమెరుగుదుము. అట్టి ఆన్‌లైను జూదమును ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2020లో నిషేధించెను. పణమొడ్డి ఆడు ఆటలను వేరుచేసి నిషేధించి, తక్కిన ఆటలను ప్రోత్సహింపదలచి 2025లో పార్లమెంటు చట్టము చేసినది. జూదమునకును ఆటకును గల భేదమును చట్టమే గుర్తించినప్పుడు పండితులు గుర్తింపకపోవుట వింత.

అంతకన్న పెద్దమాట మరియొకటి కలదు. ఋగ్వేదము పదవ మండలమున ముప్పదినాలుగవ సూక్తము జూదరి విలాపము. ఆలిని, ఇంటిని పోగొట్టుకొన్నవాని దుఃఖమును చెప్పి, పాచికలు విడిచి పొలము దున్నుకొమ్మని అది బోధించును. జూదమును నిందించిన మన పూర్వులు దానిని గూర్చిన సూక్తమును పారవేసిరా? స్వరము తప్పకుండ, అక్షరము జారకుండ, మూడువేల యేండ్లు కంఠమున మోసిరి. భారతమున ద్యూతపర్వము లేనిచో కురుక్షేత్రమే అర్థము కాదు. పండ్రెండవ శతాబ్దమున చాళుక్యరాజు సోమేశ్వరుడు మానసోల్లాసమున క్రీడలకు ప్రత్యేకముగ ఒక వింశతినే కేటాయించెను. కాపాడుట వేరు, మెచ్చుకొనుట వేరు. ఒక కాలపు వ్యసనమును తెలియక ఆ కాలమును తెలిసికొనలేము. పిల్లలను చెరచిన ఆట యేదో, ఎట్లు చెరచెనో రేపు విచారింపవలెనన్నను ఆ ఆట మన చేతిలో నుండవలెను గదా! రోగమును గూర్చి వైద్యవిద్యార్థికి చెప్పదలచినవాడు రోగలక్షణములను వ్రాసిన పుటలను చింపివేయడు.

ఇంతకును ఆటలు నశించు విధమెట్టిదో చదువరులకు స్పష్టముగ చెప్పుట మంచిది. ఏలయన, అందరును "కంప్యూటరులో నున్నది ఎక్కడికి పోవును?" అని నిశ్చింతగ నున్నారు. నాశము నాలుగు దారుల వచ్చును.

మొదటిది వస్తునాశము. డిస్కులోని లోహపు పొరకు గాలి తగిలినచో అది క్రమముగ చెడును. మన విశాఖ తీరమున కిటికీకమ్మియే ఉప్పుగాలికి నిలువదు. డిస్కు మాట చెప్పనేల? రెండవది యంత్రనాశము. ప్లేస్టేషన్ 2 యంత్రములు లోకమంతట 15 కోట్లకు పైగా అమ్ముడుపోయినవి. ఐనను 2013 జనవరితో వాని తయారీ నిలిచిపోయెను. డిస్కు చెక్కుచెదరకున్నను దానిని ఆడించు యంత్రము లేనినాడు అది అద్దపుబిళ్లతో సమానము.

మూడవది సర్వరు మూతపడుట. నేటి ఆటలు పెక్కు మన ఇంటిలో లేవు. ఎక్కడనో దూరమున కంపెనీవారి కంప్యూటరులో నున్నవి. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైలును కేంద్రప్రభుత్వము నిషేధించెను; అక్టోబరు నెలాఖరుతో మన దేశమున అది ఆడకుండపోయెను. మరుసటియేట అదియే పేరుమార్చుకొని, రూపు కొంత మార్చుకొని మరల వచ్చెను. నిషేధము న్యాయమా అన్యాయమా యనునది మా వాదము కాదు. గాజువాకలోను ద్వారకానగరులోను ఒక తరము యువకులు ఏ ఆటతో రాత్రులు గడపిరో, ఆ ఆట మొదటిరూపమును నేడు చూపింపగల సంస్థ మన దేశమున ఒక్కటియు మాకు కనబడుటలేదు.

నాలుగవది అన్నిటికన్న నిశ్శబ్దమైనది. అది సవరణవలన కలుగు నాశము. ఫోనులోని ఆట ఈ వారము ఒకతీరు, వచ్చు వారము మరియొకతీరు. క్రొత్తది వచ్చినప్పుడు పాతది చెరిపివేయబడును. దీని నష్టమెంతటిదో విశాఖమండలపువారికి చెప్పుట సులభము. గురజాడవారి కన్యాశుల్కము 1897లో ఒకరూపమున, 1909లో మరియొకరూపమున అచ్చుపడినది. రెంటికిని నడుమ ఆ మహనీయుని బుద్ధి యెంత పెరిగినదో, ఏ పాత్ర యెట్లు మారినదో, రెండు ప్రతులును నిలచినందుననే మనము పోల్చి చెప్పగలుగుచున్నాము. 1909 ప్రతి వెలువడిన దినమున 1897 ప్రతులన్నియు బీరువాలలోనుండి వానియంతట అవియే మాయమైనచో మన విమర్శకుల పని యేమగును? ఆటల విషయమున ప్రతిదినమును జరుగుచున్నది అదియే.

చలనచిత్రముల విషయమున మనము ఒకమారు ఈ తప్పును చేసితిమి. రఘుపతి వెంకయ్యగారి కుటుంబము 1921లో తీసిన భీష్మప్రతిజ్ఞ నేడు లేదు. మన దేశపు తొలి టాకీ ఆలం ఆరా, 1931నాటిది, లేదు. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము 1964లో గాని వెలయలేదు. అంతకుముందు మూకీచిత్రములను చిల్లరవినోదమని చిన్నచూపు చూచినవారి వారసులే నేడు ఆటలను చూచి నవ్వుచున్నారు. ఒకమారు చేసినది అజ్ఞానము. తెలిసి రెండవమారు చేయునది అపరాధము.

ఈ నాశమునకు మందు లేకపోలేదు. ఆ మందును మన తాళపత్రలేఖకులు ఏనాడో యెరిగియుండిరి. తాటియాకు కొన్ని తరములకు శిథిలమగును. అది శిథిలము కాకముందే మరియొక ఆకుపైకి ఎత్తివ్రాయుదురు. ఆకు పోవును, గ్రంథము సాగును. బ్రౌనుదొరవారు పంతొమ్మిదవ శతాబ్దమున పండితులకు జీతములిచ్చి ప్రతులు వ్రాయించి, పాఠములు పోల్చియుండనిచో మన వాఙ్మయములో ఎంతభాగము చెదలపాలై యుండెడిదో! నేటి నిపుణులు చేయునదియు ఇదియే. డిస్కులోనిదానిని మరియొకచోటికి ఎత్తివ్రాయుదురు. పాత యంత్రమువలె నటించు ప్రోగ్రామును, ఎమ్యులేటరనుదానిని, క్రొత్త కంప్యూటరులో నిలిపి దానిపై పాత ఆటను ఆడింతురు. ఆటను రచించిన మూలసంకేతము దొరకినచో దానినికూడ భద్రపరతురు. సర్వరుతోపాటు పోయిన ఆటలకు ఆడినవారి చిత్రములు, వారి నోటిమాటలు, కాగితములు కూర్చి చరిత్రనైన నిలుపుదురు. ఒక్కటే భేదము. పూర్వము గ్రంథమును ఎత్తివ్రాయుట పుణ్యము; నేడు ఎత్తివ్రాయుట చౌర్యము.

ఈ మాట మేము కోపమున అనుటలేదు. చట్టమును చదివి అనుచున్నాము. 1954నాటి గ్రంథసమర్పణ చట్టము ప్రకారము మన దేశమున ప్రకటితమైన ప్రతి గ్రంథపు ప్రతిని కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును మరి మూడు గ్రంథాలయములకును ప్రకాశకుడు పంపవలెను. 1956లో వార్తాపత్రికలను చేర్చిరి. కాని ఆ చట్టమునకు గ్రంథమనగా ముద్రితమైనది, లేక శిలాముద్రితమైనది. ఇక కాపీరైటు చట్టమున 52వ సెక్షను 2012 సవరణతో గ్రంథాలయములకు ఒక వెసులుబాటు నిచ్చెను. లాభాపేక్షలేని ప్రజాగ్రంథాలయము ఒక కృతిని కాపాడుటకై కంప్యూటరులో నిలువచేసికొనవచ్చును. కాని ఆ కృతియొక్క డిజిటలు కాని ప్రతి ఆ గ్రంథాలయమున ముందే యుండవలెనట! పుట్టుకతోనే డిజిటలైన ఆటకు డిజిటలు కాని ప్రతి ఎక్కడినుండి వచ్చును? ఇది అనాథబాలుని, తండ్రి సంతకము తెచ్చినగాని బడిలో చేర్చుకొనమని వాకిట నిలబెట్టుటవంటిది.

అంతేకాదు. ఆటలకు కంపెనీవారు వేసిన తాళమును ఉల్లంఘనబుద్ధితో తొలగించుట ఆ సవరణచేతనే శిక్షార్హమైన నేరమైనది. కాపాడుబుద్ధి ఉల్లంఘనబుద్ధి కాదని న్యాయవాది వాదింపవచ్చును. కాని ఏ జిల్లా గ్రంథాలయాధికారి తన ఉద్యోగమును ఆ వాదముపై పణముపెట్టును? ఫలితమేమనగా, నేడు లోకమున పాత ఆటలను చాలవరకు కాపాడుచున్నవారు చట్టమును లెక్కచేయని అభిమానులు. పెద్దమనుషులైన గ్రంథాలయములు చేతులు కట్టుకొని కూర్చుండగా, దొంగలనిపించుకొన్నవారు దేవాలయమునకు కాపలా కాయుచున్నారు.

"కంపెనీవారి సొత్తు కంపెనీవారే కాపాడుకొందురు" అనువారు కలరు. వారు లోకమును చూచుటలేదు. నింటెండో కంపెనీవారు తమ రెండు యంత్రముల ఆన్‌లైను అంగళ్లను 2023 మార్చిలో మూసివేసిరి. అచట మాత్రమే దొరకు ఆటలు ఆనాటినుండి కొనుటకు దొరకవు. యూబీసాఫ్టు కంపెనీవారు 2014లో అమ్మిన "ద క్రూ" అను కారుపందెముల ఆటకు 2024 మార్చి 31తో సర్వరు నిలిపివేయగా, డబ్బిచ్చి కొన్నవారి చేతిలోని ఆటయు అడుగంటెను. దానిపై ఐరోపా పౌరులు తిరుగబడి చేసిన విన్నపమునకు 2025లో పదిలక్షలకుమించి చేవ్రాళ్లు వచ్చినవి. అంగడివాడు అమ్ముడుపోవుదానినే కాపాడును. అమ్ముడుపోనిదానిని కాపాడుటకే గ్రంథాలయము పుట్టినది.

ఇతరదేశములు నిద్రించుటలేదు. ఫ్రాన్సుదేశమున గ్రంథసమర్పణ నియమము 1537లో పుట్టెను. 1992లో చట్టమును విస్తరించి వీడియో ఆటలనుకూడ జాతీయ గ్రంథాలయమునకు సమర్పింపవలెనని విధించిరి. జపానుదేశపు పార్లమెంటు గ్రంథాలయము 2000నుండి డిస్కులపై వెలువడు ఆటలను స్వీకరించుచున్నది. అన్నిచోటులను జయమే యని మేము చెప్పము. అంగడిలో దొరకని ఆటలను దూరమునుండి పరిశోధకులకు చూపుటకు అనుమతి నిండని గ్రంథాలయములు అడుగగా, అమెరికా కాపీరైటు కార్యాలయము 2024 అక్టోబరులో త్రోసివేసెను. వారు ఓడిన యుద్ధముకూడ మనము ఇంకను మొదలుపెట్టని యుద్ధమే.

"ఈ పని ఢిల్లీలోనో బొంబాయిలోనో చేయవలసినది, విశాఖపట్టణమున కేల?" అని అడుగువారికి మా ఊరివారి తరఫున సమాధానము చెప్పుదుము. రామకృష్ణా బీచికి బోయి చూడుడు. సోవియట్ దేశమున తయారై 1969లో మన నౌకాదళమున చేరిన కురుసుర జలాంతర్గామిని, 2001లో విరమింపజేసిన పిమ్మట తుక్కుక్రింద అమ్మక, 91 మీటర్ల పొడవుగల ఆ ఇనుపతిమింగిలమును సముద్రమునుండి ఒడ్డునకు లాగి, ఇసుకపై నిలిపి, 2002లో ప్రదర్శనశాలగ తెరచిరి. నేటికిని పిల్లలు బారులుతీరి దాని కడుపులో దూరి వచ్చుచున్నారు. అంత దానిని నిలుపగలిగిన ఊరికి అరచేతిలో పట్టు డిస్కు బరువైనదా? ఒక భేదము మాత్రము మరువరాదు. జలాంతర్గామి కదలకున్నను జలాంతర్గామియే. ఆట ఆడకున్నచో ఆట కాదు. కాబట్టి దానిని అద్దపుపెట్టెలో పెట్టుట చాలదు, ఆడునట్లు ఉంచవలెను. పాత యంత్రమును ఆపకుండ నడిపించు విద్య ఉక్కునగరపు కార్మికులకును, రేవులోని ఫిట్టరులకును ఎవరును నేర్పనక్కరలేదు.

1886లో ఈ పట్టణమున వెలసిన గ్రంథాలయముతోనే ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము మొదలైనదని చరిత్రకారులు వ్రాయుదురు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవలో పుస్తకములు పెట్టి కాలువగట్టు పల్లెలకు పంపిరి. "పడవ గ్రంథాలయమా? ఏ రిజిస్టరులో?" అని ఆనాడు వారు ఆగిపోలేదు. గ్రంథాలయము పెరుగుచుండు ప్రాణివంటిదని రంగనాథన్‌గారు 1931లోనే సూత్రీకరించిరి. పెరుగుట మానిన ప్రాణి ఏమగునో సూత్రము చెప్పనక్కరలేదు.

కావున మేము కోరునవి ఇవి. జిల్లా గ్రంథాలయ సంస్థ, ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనమిచ్చు గ్రంథాలయ పన్నులోనుండి, ఆటలకు ఒక్క అలమరయు ఒక్క యంత్రమును ఏర్పరుపవలెను. ఏ సంఖ్యక్రింద నుంచవలెనను చింత వలదు. డ్యూయీ వర్గీకరణమున 794.8 అను సంఖ్య కంప్యూటరు ఆటలకే యున్నది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు తమ గ్రంథాలయమున ఒక గదిని ఈ పనికి కేటాయించి, కంప్యూటరు శాఖవారిని తెలుగు శాఖవారిని ఒక బల్లవద్ద కూర్చుండబెట్టవలెను. తెలుగువారు తయారుచేసిన, తెలుగున వెలసిన, తెలుగు కథలుగల ఆటలతో మొదలుపెట్టిన చాలును, లోకమునంతటిని మోయనక్కరలేదు. తయారుచేసినవారు ఒక ప్రతిని, వీలైనచో మూలసంకేతమును సమర్పింపవలెను. పార్లమెంటు సభ్యులు గ్రంథసమర్పణ చట్టమును డిజిటలు కృతులకు విస్తరింపజేసి, 52వ సెక్షనులోని "డిజిటలు కాని ప్రతి" యను ముల్లును తీసివేయించవలెను. ఆటల పరిశ్రమను పెంచుటకు కేంద్రము 2022 బడ్జెటులో ఒక కార్యదళమునే ప్రకటించెను. చేయువారికి శిక్షణమిచ్చి చేసినదానికి చోటీయకపోవుట, బిడ్డలను కని ఉయ్యాల కట్టకపోవుటయే.

ఉపాధ్యాయులకు ఒక మనవి. మీ పాఠశాలలో పాత కంప్యూటర్లను తుక్కుక్రింద అమ్ము కాగితము మీ యెదుటికి వచ్చినప్పుడు, చేవ్రాలు చేయుటకు ముందు ఒక్క గంట ఆ యంత్రములను తెరచి చూడుడు. అందులో ఏ బిడ్డ ఏమి కట్టియుంచెనో, దానిని ఒక పెన్‌డ్రైవులోనికి ఎత్తివ్రాయుడు. మేము ఆ గంట వెచ్చింపలేదు. మా ఊరి రేవునకు వచ్చిన ప్రతి ఓడకును, దిగిన ప్రతి టన్నునకును లెక్క గలదు. ఆ ఖనిజపు బండికి మాత్రము లెక్క లేకుండ చేసినవారము మేమే.

హనుమంతుని డిస్కు ఇంకను మా సంచిలోనే యున్నది. వచ్చు నెలలో మరల ఆ గ్రంథాలయమునకే పోవుదుము. ఈమారు 794.8 అను సంఖ్యను కాగితముపై వ్రాసికొని పోవుదుము.